స్నానం లేని గురువారం

కోటవీధిలో పిల్లల స్నానం ముక్కుతో మొదలవుతుంది. తడిగుడ్డ కొసని ఒత్తిలా పురితిప్పి ముక్కులో పెట్టి తిప్పితే లోపలి నలుపు బయటికొస్తుంది. ఆ తరవాతే చెవులు, మెడ మడతలు, గోళ్ళు. రేవు వైపు నించి గాలి వీచిన రోజున, గుమ్మం కడిగి బకెట్టు లోపల పెట్టేలోగా బొగ్గుపొడి మళ్ళీ పేరుకుంటుంది. కిటికీ ఊచ పట్టుకుంటే అరచెయ్యి నల్లబడుతుంది. ఈ వీధి ఆడవాళ్ళు కాపరానికి వచ్చిన దగ్గర్నించీ ఆ పొడితో పోట్లాడుతూనే ఉంటారు. ఎవరు గెలుస్తున్నారో, ఎవరు ఓడిపోతున్నారో వాళ్ళ పిల్లల మెడలు చూసి చెప్పుకుంటారు.

ఆ మంగళవారం గౌసియా కూతురికి రెండోసారి కూడా సబ్బు రుద్దింది. నాలుగేళ్ళ మహీన్ వణుకుతూ, "చాలు అమ్మీ" అంది.

"ఆఫీసర్ని చూడ్డానికెళ్తున్నాం. మెదలకు."

రంజాన్‌కి కుట్టించిన ఆకుపచ్చ గౌను తీసి తొడిగింది. గౌసియా భర్త నజీర్‌కి మెయిన్ రోడ్డు సందులో చిన్న టైలరింగ్ కొట్టుంది. ఎవరెవరి గుడ్డల్లోనో మిగిలిన ముక్కలు కలిపి కూతురికి కుడుతుంటాడు గాని, ఈ గౌనుకి మాత్రం కొత్త శాటిన్ కొన్నాడు.

వెళ్ళేది పిల్లల కేంద్రం గురించి అడగడానికి. వీధి చివరి పాత హాల్లో ఉంది ఆ కేంద్రం. చీకటితోనే బస్సెక్కి అచ్యుతాపురం బట్టల ఫ్యాక్టరీకి వెళ్ళే తల్లులు పిల్లల్ని అక్కడ వదిలి, సాయంత్రం తెచ్చుకుంటారు. ఊళ్ళో ఉన్న కేంద్రాలన్నీ నడపడం కష్టంగా ఉంది, అవసరం లేనివి మూసేస్తామని పై ఆఫీసు నించి కబురొచ్చింది. కోటవీధిది అవసరం లేని వాటిలో ఉందట.

కేంద్రం రాకముందు గౌసియా పిల్లని అత్తగారి దగ్గర వదిలేది. అత్తగారికి చూపు ఆనదు. పిల్ల మెట్ల మీంచి దొర్లిపోకుండా చున్నీతో మంచం కోడుకి కట్టేసి బస్సెక్కేది. సాయంత్రం వచ్చి విప్పితే పిల్ల నడుం చుట్టూ ఎర్రటి చార ఉండేది. నజీర్ కుట్టు మీద ఇల్లు గడవదు. కేంద్రం మూస్తే మళ్ళీ ఆ చున్నీయే. ఇంకో దారి గౌసియా ఎంత ఆలోచించినా కనపడలేదు.

హాలు దగ్గరికి వెళ్ళేసరికి గ్రేసీ నవ్వింది. గ్రేసీది కూడా ఆ ఫ్యాక్టరీలోనే, గౌసియా పక్క టేబులు.

"ఏటే, నీ కూతురికి పెల్లేటి?"

"నీ కొడుక్కేంటి మరి? టై కట్టావ్?"

గ్రేసీ కొడుకు జాక్సన్ క్రిస్మస్ నాటి కోటూ, ఎర్ర టై వేసుకుని ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. అప్పలసూరి మనవరాలు కనకాంబరాల జడ ముందుకేసుకుని చూసుకుంటోంది. అప్పలసూరి ఒకప్పుడు రేవులో ఓడల సరుకు మోసే కలాసీ. కూతురు ఫ్యాక్టరీలో లీవు దొరక్క తండ్రిని పంపింది. ఆయన కూడా గంజి పెట్టిన చొక్కా తొడుక్కొచ్చాడు.

కేంద్రంలో పిల్లల్ని చూసుకునే పుష్పకుమారి ఒక్కొక్కరినీ దగ్గరికి లాక్కుని చూసింది. చెవి వెనక వేలు పెట్టి చూసింది. మహీన్ పాపిడి కాస్త వంకర ఉంటే సంచీలోంచి దువ్వెన తీసి సరిచేసింది. "ఆఁ, ఇప్పుడు పదండి" అంది.

ఆఫీసులో వాళ్ళని రానిచ్చింది మోహనకృష్ణ. కేంద్రాల సంగతి చూసే అధికారి ఆయనే. బల్ల మీద మిరపకాయ బజ్జీల పొట్లం విప్పి ఉంది. పిల్లలు వరసగా నిలబడి చేతులు జోడిస్తే, వేళ్ళ నూనె కాగితానికి తుడుచుకుంటూ తేరిపార చూశాడు.

"ఎవరిదమ్మా పుట్టినరోజు? కేకేదీ?"

వెనకాల గుమస్తా కిసుక్కుమన్నాడు. వాళ్ళని తీసుకొచ్చిన కీర్తన ముందుకొచ్చి, తల్లులు ఎన్నింటికి బస్సెక్కుతారో, ఎన్నింటికి దిగుతారో చెప్పింది. కీర్తన పిల్లల కోసం పనిచేసే స్వచ్ఛంద సంస్థ మనిషి. సీతమ్మధారలో ఉంటుంది. స్కూటీ మీద తిరిగి తిరిగి ఈ వీధి పిల్లలందరి పేర్లూ నేర్చుకుంది. ఆయన వింటున్నట్టే తలూపి, పంటి సందులో ఇరుక్కున్న మిరపతొక్క నాలికతో తీసుకుంటూ కూర్చున్నాడు.

"పిల్లలు మా అపార్టుమెంటు పిల్లల్లా ఉన్నారు కీర్తనా. వీళ్ళకి అవసరం ఉందని పైవాళ్ళకి నేనెలా చెప్పను?"

గౌసియాకి ఉండబట్టలేదు. "పిల్లల్ని శుభ్రంగా ఉంచుకోవడం తప్పా సార్?"

"తప్పని ఎవరన్నారమ్మా? శుభ్రంగా ఉంచుకునే ఓపిక మీకుంది. ఓపికున్నవాళ్ళకి కేంద్రమెందుకు అంటున్నా." ఆయన ఇంకో బజ్జీ కొరికాడు. "పై ఆఫీసు పెద్దమేడం ఒకసారి వచ్చి చూస్తానన్నారు. ఆవిడ ఎలా అంటే అలా."

వరండాలోకి వచ్చాక కీర్తన మొహం ఎర్రబడిపోయింది. "ఇలా ముస్తాబు చేసి తెమ్మని ఎవరు చెప్పారమ్మా మీకు?"

"ఎవులు సెప్పాలేటి?" అన్నాడు అప్పలసూరి. "ఆపీసరు కాడికి ఎల్తన్నం గదా. కడక్కుండా ఎట్టుకెల్తామేటి గుంటల్ని?"

గౌసియాకి కోపం ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియలేదు.

ఆదివారం సాయంత్రం కీర్తన హాలుకొచ్చి తల్లులందర్నీ కూర్చోబెట్టింది. పెద్దమేడం గురువారం వస్తోంది. ఫోటోలు తీసేవాళ్ళూ వస్తారు. కీర్తన చేతులు ఒళ్ళో పెట్టుకుని చాలా మెత్తగా మాట్లాడింది.

"ఆ రోజు పిల్లలకి స్నానాలు వద్దు. తలలు దువ్వొద్దు. పాత బట్టలు చాలు. మీ కిటికీల మీద ఆ నల్లపొడి ఉంటుంది కదా, అది ఎలాగూ పిల్లలకి అంటుతూనే ఉంటుంది. తుడవకండి. అంతే."

ఆ పొడిని ఇంట్లో ఉంచుకోమని ఎవరైనా చెప్పడం ఆ ఆడవాళ్ళు మొదటిసారి విన్నారు.

"అంతేనా?" అంది గ్రేసీ చివరికి. "మురికే గదా. మా ఈదిలో మురికికేం కరువు."

పుష్పకుమారి గోడకి ఆనుకుని నిలబడి ఉంది. "నా దగ్గరున్న పిల్ల ముక్కు కారుతూ ఎప్పుడైనా చూశావా కీర్తనా? పొద్దున్న ఒకసారి, పడుకుని లేచాక ఒకసారి మొహాలు కడుగుతాను. ఆ పిల్లల్ని మట్టిలో దొర్లించి చూపించమంటావా?"

"ఒక్క గంట పుష్పక్కా. కేంద్రం నిలబడాలా వద్దా?"

"నాకు నచ్చలేదు." తల్లుల వైపు తిరిగి అంది, "తల్లులు సరే అంటే నాను కాదనను."

తల్లులు సరే అన్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా అన్నారు. గౌసియా కూడా అంది.

ఆ రాత్రి అన్నం దగ్గర చెబితే నజీర్ ముద్ద కలపడం ఆపేశాడు.

"ముష్టికి కూడా కొలతలు తీస్తారన్నమాట."

"నువ్వలా మాట్లాడకు. బస్సెక్కేది నేను."

"ఎక్కేది నువ్వే. మాట్లాడను." ముద్ద మళ్ళీ కలుపుతూ అన్నాడు, "నేనెవరికైనా చిరిగిన బట్ట కుట్టి ఇస్తే అది మరమ్మతు. బాగున్న బట్టని చింపి ఇమ్మని ఇంతవరకూ ఎవరూ అడగలేదు."

గౌసియా కంచం ఎత్తి అంట్లు తోమే మోరీ దగ్గర పెట్టింది.

గురువారం పొద్దున్న మహీన్ తనంతట తనే సబ్బు తెచ్చుకుని కుళాయి దగ్గర నిలబడింది. మొహం పైకెత్తి ముక్కు చూపించింది.

"ఇవాళ స్నానం లేదు."

"ఎందుకు?"

"నీళ్ళు లేవు."

"వస్తన్నాయి అమ్మీ" అని పిల్ల కుళాయి తిప్పి చూపించింది. గౌసియా గట్టిగా కట్టేసింది. జడ విప్పింది. మాసిన బనీను తొడిగింది. కిటికీ ఊచ మీద వేలు రాసి పిల్ల బుగ్గ మీద పెడితే, అది దిష్టిచుక్కలా గుండ్రంగా, ముద్దుగా వచ్చింది. చేతికి ఇన్నాళ్ళూ తెలిసింది అదొక్కటే. మురికి అలా ఉండదు. అప్పుడు అరచెయ్యంతా ఊచలకి రుద్ది, పిల్ల మొహం పట్టుకుని నుదుటి నించి గెడ్డం దాకా పులిమింది. మహీన్ అమ్మ కళ్ళలోకి చూస్తూ నిలబడింది. గౌసియాకి తన చేతుల మీద తనకే రోత పుట్టింది. కుళాయి విప్పి కడుక్కుంటే గోళ్ళలో నలుపు పోలేదు.

హాల్లో గ్రేసీ తనకంటే ముందుంది. జాక్సన్‌కి చిరుగుల చొక్కా ఒక్కటే వేసింది, నిక్కరు లేదు. అప్పలసూరి మాత్రం మనవరాల్ని కడిగి, బొట్టు పెట్టి తీసుకొచ్చాడు.

"తాతా, నీకు బుర్రుందా?" గ్రేసీ గుమ్మం మీద చెయ్యి రాసి ఆ పిల్ల మొహానికి పూసేసింది.

"ఓలి, నా మనవరాలి మీద సెయ్యేత్తన్నావేటే?"

"నీ కూతురు కొలువు పోతే తెలుత్తాదిలే సెయ్యేటో కాలేటో."

పిల్లలు ఒకర్నొకరు వింతగా చూసుకున్నారు. రోజూ వచ్చీ రాగానే గోల చేసేవాళ్ళు ఇవాళ గోడవారన నిశ్శబ్దంగా కూర్చున్నారు. పుష్పకుమారి ఏ పిల్లనీ ముట్టుకోలేదు. మాటిమాటికీ తడిగుడ్డ ఉన్న తాడు వైపు చూసి, చేతులు కొంగులో చుట్టుకుంది.

పెద్దమేడం వచ్చింది. తెల్లటి కాటన్ చీర. వెనక మోహనకృష్ణ. మొన్న బజ్జీలు తిన్న నోటికి ఇవాళ జేబురుమాలు అడ్డం పెట్టుకున్నాడు. ఫోటోలు తీసే కుర్రాడు మహీన్‌ని వెలుతురులోకి లాగి, చెప్పులు విప్పించి, "నవ్వకు పాపా, పైకి చూడు" అన్నాడు. మేడం వంగి మహీన్ గెడ్డం రెండు వేళ్ళతో ఎత్తింది. "పాపం" అంది. సంచీలోంచి చిన్న సీసా తీసి ఆ రెండు వేళ్ళకీ ద్రవం రాసుకుంది. ఆసుపత్రి వాసన వచ్చింది.

"చూశారా మోహనకృష్ణగారూ? ఇలాంటి చోట మూసేస్తామంటే ఎలా?"

"అదే మేడం. నేనూ అదే రాశాను" అన్నాడాయన.

తల్లులు ఊపిరి వదిలారు. కీర్తన కళ్ళు మెరిశాయి. గౌసియాకి కూడా గుండె తేలికైంది. తేలికైనందుకు సిగ్గేసింది, కాని తేలికైంది.

"ఇక్కడ పిల్లల్ని చూసుకునేదెవరు?" అడిగింది మేడం.

పుష్పకుమారి ముందుకొచ్చి నమస్కారం పెట్టింది.

"రోజూ మొహాలు కడుగుతారా?"

"కడుగుతానమ్మా."

"కడిగితే ఇదేంటి? తల్లులు పనికెళ్తారు సరే. జీతం తీసుకుని రోజంతా దగ్గరుండే మీకు పిల్లల ముక్కు తుడవడానికి చెయ్యి రాదా?"

పుష్పకుమారి నోరు తెరిచి, కీర్తన వైపు చూసింది. కీర్తన ఫోన్లో ఏదో వెతుక్కుంటోంది.

"అసలు సమస్య ఇక్కడే ఉంది మేడం" అన్నాడు మోహనకృష్ణ రుమాలు తీసి. "కేంద్రం ఉంచుదాం. ఈవిడ్ని మార్చేద్దాం. సోమవారానికి ఇంకో మనిషిని పెడతాను."

"చెయ్యండి."

మాడిపోయిన బల్బు మార్చినంత సులువుగా అయిపోయింది. గౌసియా పక్కనున్న ఆడవాళ్ళ వైపు చూసింది. అందరూ పిల్లల నెత్తిన చెయ్యి వేసుకుని నేల చూస్తున్నారు.

"మేడం, పొద్దున్న నేనే పూశాను" అంది గౌసియా.

"ఏంటమ్మా?"

"ఈ మసి. నా కూతురికి నేనే పూశాను. పుష్పక్క రోజూ కడుగుతుంది. మురికిగా ఉంటేనే మీరు చూస్తారని కీర్తనగారు చెప్పారు, అందుకని."

కీర్తన తలెత్తింది. "మామూలుగా ఎలా ఉంటారో అలా రమ్మన్నాను మేడం. వీళ్ళు ఎలా అర్థం చేసుకున్నారో మరి."

సీతమ్మధార నించి స్కూటీ మీద ఎండలో తిరిగిన మనిషి, ప్రతి పిల్ల పేరూ తెలిసిన మనిషి, ఆ మాట నున్నగా అనేసింది.

మేడం మొహం బిగుసుకుంది. "అంటే ఇదంతా నాటకమా?"

"మొన్న నా ఆఫీసుకి టైలు కట్టుకుని వచ్చింది ఈ బ్యాచ్చే మేడం" అన్నాడు మోహనకృష్ణ. "మూసెయ్యాల్సినవాటిలో పెట్టింది ఇందుకే."

అప్పుడు గ్రేసీ ముందుకొచ్చింది. జాక్సన్‌ని చంకన వేసుకుని వచ్చింది.

"అబద్దం మేడం. ఈ గౌసియా, ఆ యమ్మ ఒకటే జట్టు. ఆ యమ్మని కాపాడ్డానికి సెప్తంది. మా గుంటలు రోజూ ఇలగే ఉంటారు. ఆ యమ్మ కడగదు, తుడవదు. ఫోను సూసుకుంటా కూకుంటాది."

"పుష్పాంటీ కడుగుద్ది" అన్నాడు జాక్సన్. వెంటనే కెవ్వుమని ఏడ్చాడు. గ్రేసీ వాడి తొడ మీద గిల్లిన చోట ఎర్రగా కందింది.

మేడం మిగతా వాళ్ళకేసి తిరిగింది. "ఏది నిజం?"

ఒక్కరూ పలకలేదు. అప్పలసూరి మనవరాలి చెయ్యి పట్టుకుని, గంజి చొక్కా గుండీ ఒకటి పెట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడ్డాడు. రేవులో బస్తాలు మోసిన ఆ మెడ పైకి లేవలేదు. గౌసియా మళ్ళీ నోరు తెరవబోతే పుష్పకుమారి చేత్తో ఆపింది.

"వదిలెయ్ గౌసియా. కేంద్రం మూసేస్తే నీకు రోజూ సెలవు దొరకదు."

తాడు మీంచి తన సంచీ తీసుకుని, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. వెళ్తూ ఏ పిల్లనీ పలకరించలేదు. "ఇందాక అనుకున్నట్టే చెయ్యండి" అంది మేడం మోహనకృష్ణతో. పుష్పకుమారి మెట్లు దిగేలోపే ఫోటోల కుర్రాడు "అందరూ ఒకసారి దగ్గరికి రండమ్మా, గ్రూపు తీద్దాం" అన్నాడు. వాళ్ళు దగ్గరికి జరిగారు.

వచ్చినవాళ్ళు వెళ్ళాక తల్లులు పిల్లల్ని తడిగుడ్డలతో తుడవడం మొదలుపెట్టారు. కీర్తన గౌసియా దగ్గరికొచ్చి, "నా పరిస్థితి అర్థం చేసుకో. కేంద్రం నిలిచింది కదా" అంది.

"నిలిచింది మేడం" అంది గౌసియా. ఇంతవరకూ ఆమెని మేడం అని పిలవలేదు. కీర్తన స్కూటీ తీసింది.

గ్రేసీ కుళాయి దగ్గర కొడుకు కాళ్ళు కడుగుతోంది. గౌసియా దగ్గరికెళ్ళి "ఛీ" అంది.

"అను. ఇంకా అను" అంది గ్రేసీ తలెత్తకుండా. "నీకు మొగుడున్నాడు, ఒక పూట గంజి తాగైనా ఛీ అంటావు. మా ఆయన ఎలమంచిల్లో ఇంకోదాని దగ్గరున్నాడు. ఈ గుంటడ్ని ఎక్కడెట్టమంటావే, నీ నోట్లోనా?"

"ఆవిడ వాడికి జ్వరమొస్తే ఇంటికి తీసుకెళ్ళి పడుకోబెట్టుకుంది గ్రేసీ."

"నాకు తెల్దేటి? తెలిసే అన్నాను." గ్రేసీ మగ్గుడు నీళ్ళు కొడుకు కాళ్ళ మీద దబ్బున పోసింది. "తెలీక అన్నాననుకుంటే నీకు బాగుంటాదేమో. తెలిసే అన్నాను."

ఆదివారం గౌసియా పుష్పకుమారి ఇంటికెళ్ళింది. ఆవిడ చర్చి నించి వచ్చి, తెల్లచీర మార్చుకోకుండానే చేపలు శుభ్రం చేస్తోంది. ఏడుస్తుందనో తిడుతుందనో గౌసియా అనుకుంది. రెండూ జరగలేదు.

"రేపు పిల్లని పంపిస్తావా?" అంది పుష్పకుమారి పొలుసులు గీకుతూ.

గౌసియా గుమ్మం పట్టుకుని నిలబడింది. "పంపిస్తానక్కా."

"పంపు. పంపక ఏటి సేత్తావు." కత్తి పక్కన పెట్టింది. "మహీన్ గుడ్డు పచ్చసొన ఊరికే పెడితే ఉమ్మేస్తాది. అన్నంలో మెదిపి పెట్టమని ఆ వచ్చేదానికి చెప్పు. పడుకునేటప్పుడు మన చెవి పట్టుకోనివ్వాలి, లేపోతే నిద్రపోదు. జాక్సన్‌కి చెవిలో చీము ఉంది, నీళ్ళు పోనివ్వొద్దని చెప్పు. గ్రేసీ చెప్పదు, దానికి గుర్తుండదు."

గౌసియాకి అక్కడే కూలబడి ఆవిడ కాళ్ళు పట్టుకోవాలనిపించింది. కాని రేపు పిల్లని పంపే మనిషి ఇవాళ కాళ్ళు పట్టుకోవడమేంటని సిగ్గేసింది. చేపల నీచువాసనలో కాసేపు నిలబడి వచ్చేసింది.

సోమవారం పొద్దున్న హాల్లో కొత్తామె చాప దులుపుతోంది. మోహనకృష్ణకి బంధువట. గుడ్డు సంగతీ, చెవి సంగతీ గౌసియా చెబుతుంటే, "అందరికీ ఒకటే వంట. ఒక్కొక్కళ్ళకీ ఒక్కోలా ఎక్కడ చేస్తాం" అంది చాప మీంచి కళ్ళెత్తకుండా. జాక్సన్ చెవి గురించి చెబితే, "వాళ్ళమ్మ చెప్పనీ" అంది. మహీన్ లోపలికెళ్ళి నాలుగు మూలలా చూసి, వెనక్కొచ్చి అమ్మ చున్నీ పట్టుకుంది. బస్సు హారను వినిపించింది. గౌసియా చిన్న వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసుకుని పరిగెత్తింది.

బస్సులో గ్రేసీ ఎప్పట్లాగే పక్కసీటు మీద టిఫిను సంచీ పెట్టి ఆపి ఉంచింది. గౌసియాని చూసి సంచీ ఒళ్ళోకి తీసుకుంది. గౌసియా కూర్చోలేదు. ముందుసీటు కమ్మీ పట్టుకుని నిలబడింది. బస్సు గాజువాక దాటింది. మలుపుల్లో ఊగినప్పుడల్లా మోకాలు సీటుకి కొట్టుకుంటోంది. ఎందుకు నిలబడిందో బస్సులో అందరికీ తెలుసు.

స్టీల్‌ప్లాంటు గేటు దాటాక గ్రేసీ కిటికీలోంచి బయటికి చూస్తూనే అంది, "కూకోవే. అక్కడ మల్లీ రోజల్లా నిలబడాల. సాయంత్రానికి కాళ్ళు పీక్కుపోతాయి."

గౌసియాకి కాళ్ళు అప్పటికే లాగుతున్నాయి. కుట్టిన బట్టలు పరీక్షించే చెకింగ్ టేబుల్ దగ్గర కూర్చోవడానికి స్టూలుండదు. ఇంకొంచెంసేపు నిలబడింది. కూర్చుంది.

గ్రేసీ ఒంటికి తన ఒళ్ళు తగలకుండా సీటు అంచుకి జరిగింది. సీటు చిన్నది. బస్సు అచ్యుతాపురం మలుపు తిరిగినప్పుడు ఇద్దరి భుజాలూ ఒరుసుకున్నాయి. ఆ తరవాత గౌసియా పక్కకి జరగలేదు.